కాటా కదలనప్పుడు డోసు పెంచాలా, పళ్లెం మార్చాలా?

తొమ్మిది వారాలు. ప్రతి సోమవారం పొద్దున్నే ఏమీ తినకుండా మెషిన్ ఎక్కడం, 79 చూడటం, దిగడం. ఒక వారం 78.6 వచ్చింది, ఆ వారమంతా ఇంట్లో అందరితో బాగా మాట్లాడాను. తర్వాతి సోమవారం 79.3.

మా కుటుంబంలో ముగ్గురం ఆకలి తగ్గించే మందు మీద ఉన్నాం. విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉండే నేను వారానికోసారి టిర్జెపటైడ్ ఇంజెక్షన్ 5 ఎంజీ తీసుకుంటాను. ఎనిమిది నెలల్లో 92 నుంచి 79కి వచ్చాను, అక్కడ ఆగిపోయాను. కూర్మన్నపాలెంలో ఉండే మా మరిదిది సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్. 98 నుంచి 91కి వచ్చి ఆగాడు. మా వదిన అదే సెమాగ్లుటైడ్‌ని షుగర్ కోసం మాత్రగా వేసుకుంటోంది, ఆమెకి రెండు కిలోలు తగ్గి ఆగింది. ముగ్గురికీ ఇంచుమించు ఒకే సమయంలో వెయిట్ స్టక్ అయ్యింది కాబట్టి ఒకే మందు, ఒకే సమస్య, ఒకే పరిష్కారం అనుకున్నాం. మూడూ వేర్వేరు అని తేలడానికి ఎండాకాలం మొత్తం పట్టింది.

నేను డాక్టర్‌ని కాదు. డోసు మార్చేది మీ డాక్టరే. కానీ ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఏ దారి ఎవరికి నప్పుతుందో తెలిసి వెళ్తే ఆ పది నిమిషాలు వృథా కావు.

ముందు, నిజంగా ఆగిందా?

రెండు వారాలు కాటా కదలకపోతే దాన్ని ఆగడం అనరు. పండక్కి ఆవకాయ, అప్పడాలు గట్టిగా తింటే ఆ ఉప్పుకి ఒంట్లో నీరు నిలిచి కిలో, కిలోన్నర తేడా చూపిస్తుంది. ఆడవాళ్లకి నెలసరి ముందు వారం లెక్కలోకి రాదు. ఈ మందులతో మలబద్ధకం మామూలే, నాలుగు రోజులు కడుపు కదలకపోతే అది కూడా కాటా మీద కూర్చుంటుంది. అందుకే రోజూ చూసుకునే అలవాటు ఉన్నవాళ్లు వారం మొత్తం కూడి ఏడుతో భాగించి, ఆ సగటుని కిందటి వారం సగటుతో పోల్చాలి. అలా కనీసం నాలుగు వారాలు, వీలైతే ఆరు వారాలు కదలికే లేకపోతే అప్పుడు ఆగిందని అనుకోవచ్చు.

ఇంకో కొలత టైలర్ టేపు. బొడ్డు దగ్గర, ఊపిరి బిగబట్టకుండా కొలవాలి. మన భారతీయులకి నడుము కొలత మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువని లెక్క. కాటా నిలబడి టేపు తగ్గుతుంటే మీరు ఆగలేదు, కొవ్వు కరుగుతోంది. అలాంటివాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి ఇప్పుడు చేస్తున్నదే చేసుకోవచ్చు. నాకు ఆ అదృష్టం లేదు. తొమ్మిది వారాలూ టేపు 91 దగ్గరే ఉంది.

ఎందుకు ఆగుతుంది

దీన్ని తిన్నగా అర్థం చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ అనే పరిశోధకుడు దీన్ని లెక్క కట్టాడు. ఒక కిలో తగ్గితే ఒళ్లు రోజుకి ఖర్చు చేసే శక్తి సుమారు 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది. అదే కిలోకి ఆకలి రోజుకి సుమారు 100 కేలరీల మేర పెరుగుతుంది. అంటే 13 కిలోలు తగ్గిన నాకు పాత ఒంటితో పోలిస్తే రోజుకి మూడొందల కేలరీలకి పైగా ఖర్చు తగ్గింది. పావుకిలో ఉడికిన అన్నం అంత. నేను 92 కిలోలున్నప్పుడు ఏ భోజనంతో తగ్గడం మొదలుపెట్టానో, 79 దగ్గర అదే భోజనం నన్ను ఉన్నచోటే ఉంచుతుంది. ఇక ఆకలి వైపు లాగుడు ఇంకా ఎక్కువ, మందు చేసేది ఆ లాగుడుని బలహీనపరచడం. రెండు వైపులా బలాలు సమానమైన రోజున కాటా నిలబడిపోతుంది. మందు పనిచేయడం మానలేదు, దాని బలం అంతవరకే. ఆపి చూస్తే తెలుస్తుంది, లాగుడు మొత్తం ఒక్కసారిగా తిరిగొస్తుంది.

కేవలం ఆహారం తగ్గించినవాళ్లకి ఈ ఆగడం ఏడాది తిరక్కముందే వస్తుంది, మందుల మీద ఉన్నవాళ్లకి ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. 2021లో వచ్చిన స్టెప్ 1 అనే పెద్ద పరీక్షలో సెమాగ్లుటైడ్ 2.4 ఎంజీ మీద 68 వారాలకి సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఆ చివరి వారాల్లో గీత దాదాపు అడ్డంగా సాగిపోయింది. అంటే ఆగడం అందరికీ వచ్చేదే. తేడా ఎక్కడ ఆగామన్నదే. 92లో 13 అంటే 14 శాతం. నేను ఓడిపోయిన లెక్కలో లేనని నాకే తర్వాత అర్థమైంది.

అసలు ప్రశ్న ఆకలిదే

డోసు, మందు మార్పిడి, ప్రోటీను, వ్యాయామం, ఉన్నచోట నిలబడటం. ఈ దారుల్లో ఏది పట్టాలో చెప్పేది ఒక్క ప్రశ్న: ఆకలి తిరిగొచ్చిందా?

మా మరిదికి తిరిగొచ్చింది. ఆదివారం ఇంజెక్షన్ వేసుకుంటే బుధవారం దాకా బాగుంటుంది, గురువారం నుంచి నైట్ షిఫ్ట్‌లో చెయ్యి పరోటా వైపు పోతుంది. "ఏటి వదినా, ఈ మందు మూడ్రోజులకే అయిపోతోంది" అనేవాడు. పళ్లెంలో అన్నం పాత స్థాయికి పెరిగింది. నాకు అలా కాదు. పది ముద్దలకే పొట్ట నిండినట్టు ఉండేది, రాత్రి భోజనం మానేసినా గుర్తొచ్చేది కాదు. అయినా కాటా కదల్లేదు. ఒకరికి ఆకలి ఉంది, ఒకరికి లేదు, ఇద్దరికీ బరువు నిలిచింది. మా ఇద్దరికీ ఒకే సలహా చెప్పేవాళ్లు ఉంటే వాళ్లకి దూరంగా ఉండండి. నగరంలో ఒక వెయిట్ లాస్ సెంటర్‌కి వెళ్తే నన్ను ఒక్క ప్రశ్నా అడగకుండా మూడు నెలల ప్యాకేజీ, డబ్బాలో పొడి చేతిలో పెట్టబోయారు. ఆ పొడి డబ్బా ఖరీదు విని లేచి వచ్చేశాను.

ఒక పని చేయండి. రెండు వారాలపాటు రోజూ రాత్రి ఒక కాగితం మీద ఆకలికి సున్నా నుంచి పది మధ్య ఒక మార్కు వేయండి, ఇంజెక్షన్ రోజుని గుండ్రంగా చుట్టండి. ఇంజెక్షన్ తర్వాత ఐదో రోజు, ఆరో రోజు మార్కు ఎగబాకుతుంటే మీరు మా మరిది గుంపు. వారమంతా రెండు, మూడు దగ్గరే ఉంటే నా గుంపు.

డోసు పెంచడం: ఎవరికి లాభం, ఎవరికి దండగ

టిర్జెపటైడ్ 2.5తో మొదలై 5, 7.5, 10, 12.5, 15 దాకా వెళ్తుంది. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ బరువు కోసమైతే 0.25, 0.5, 1, 1.7, 2.4. ప్రతి మెట్టు మీద కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఆకలి తిరిగొచ్చి, పళ్లెం పెరిగి, వాంతులూ మలబద్ధకమూ అదుపులో ఉండి, పై మెట్టు ఇంకా మిగిలి ఉంటే డోసు పెంచడం సరైన దారే. మా మరిది 1 ఎంజీ మీద ఆగిపోయాడు, పైన ఇంకా రెండు మెట్లున్నాయి. డాక్టర్ 1.7కి పెంచారు.

అయితే ఆయన అంతకుముందు ఇంకో పని చేశారు, నాకు అదే ఎక్కువ నచ్చింది. మరిది వేసుకుంటున్న మందులన్నీ టేబుల్ మీద పెట్టమన్నారు. అందులో షుగర్‌కి గ్లిమిపిరైడ్ ఉంది. అది బరువు పెంచే గుణమున్న మందు, పైగా ఈ ఇంజెక్షన్‌తో కలిస్తే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం. షుగర్ రిపోర్టు చూసి దాన్ని సగానికి తగ్గించారు. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, పయోగ్లిటజోన్, కొన్ని బీపీ మందులు, కొన్ని మానసిక ఆరోగ్య మందులు కూడా ఇలాగే బరువుని పట్టుకుని కూర్చుంటాయి. వాటిని మీ అంతట మీరు ఆపకూడదు. చీటీలన్నీ తీసుకెళ్లి చూపించండి, అంతే. థైరాయిడ్ టెస్టు చేయించి చాలాకాలమైతే అది కూడా.

ఆకలి లేనివాళ్లకి డోసు పెంచితే ఏమవుతుంది? ఇప్పటికే తక్కువ తింటున్నవాళ్లు ఇంకా తక్కువ తింటారు. వాంతులు, నీరసం, జుట్టు రాలడం, కండ కరగడం. కాటా రెండు నెలలు కదిలి మళ్లీ ఆగుతుంది, ఈసారి ఇంకా బలహీనమైన ఒంటితో.

డబ్బు సంగతి కూడా చూడాలి. 2025 మార్చిలో మౌంజారో (టిర్జెపటైడ్ బ్రాండు పేరు) వయల్ మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 ఎంజీ 3,500 రూపాయలు, 5 ఎంజీ 4,375. వారానికొకటి లెక్కన ఒక్క మెట్టు ఎక్కితే నెలకి 3,500 అదనం. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే ఐదొందల గుడ్లు. నేను ఈ లెక్క వేసుకుని కాసేపు అలాగే కూర్చుండిపోయాను. సెమాగ్లుటైడ్ పేటెంటు మన దేశంలో 2026 మార్చి వరకే కాబట్టి దాని ధర గురించి పాత మాటలు పట్టుకోకండి, కొనే రోజున మెడికల్ షాపులో అడగండి.

ఇంకో అంకె గుర్తుంచుకోవాలి. 2022లో వచ్చిన సర్మౌంట్ 1 పరీక్షలో 72 వారాలకి టిర్జెపటైడ్ 5 ఎంజీ మీద సగటున 15 శాతం, 10 మీద 19.5, 15 మీద 20.9 తగ్గారు. ఐదు నుంచి పదికి వెళ్తే వచ్చే తేడా పెద్దది. పది నుంచి పదిహేనుకి ఒకటిన్నర శాతం కూడా లేదు. పది మీద ఆగిపోయి పదిహేనుకి డబ్బు సర్దుకుంటున్నవాళ్లు ఈ అంకె ముందు ఒకసారి నిలబడితే మంచిది.

మాత్ర, ఫిల్టర్ కాఫీ

మా వదిన కథ చిన్నది. సెమాగ్లుటైడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, అరగ్లాసు మంచినీళ్లతో, అంటే 120 మిల్లీలీటర్లు దాటకుండా. ఆ తర్వాత కనీసం అరగంట ఏమీ ముట్టకూడదు, ఇంకో మాత్ర కూడా వేసుకోకూడదు. పొట్టలో ఇంకేమున్నా ఈ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. మా వదిన లేవగానే ఫిల్టర్ కాఫీ లేకపోతే మనిషి కాదు. కాఫీ గ్లాసు పక్కనే మాత్ర, దాంతోపాటే థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర. నెలలకి నెలలు వేల రూపాయల మందు అలా వృథాగా పోయింది. ఇప్పుడు ఐదున్నరకి మాత్ర, ఆరుంపావుకి కాఫీ. థైరాయిడ్ మాత్రకి వేరే వేళ ఏదో డాక్టరే చెప్పారు. డోసు పెంచమని అడగబోయిన మనిషికి అలారం పెట్టుకోవడమే వైద్యమైంది.

ఇంజెక్షన్ వాళ్లకి కూడా ఇలాంటి తనిఖీ ఉంది. మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, ఫ్రీజర్ పక్క అరలో పెట్టకూడదు. టిర్జెపటైడ్ బయట 30 డిగ్రీల లోపు 21 రోజులు ఉండగలదు, కానీ విశాఖలో మే నెల గది 30 లోపు ఉంటుందా? కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే చాలు, కంగారు పడి ఐసు ముక్కల్లో ముంచకండి. వారాలు ఎగ్గొట్టే అలవాటుంటే అదే మొదటి కారణం అవ్వొచ్చు. రెండు మూడు వారాలు తప్పితే పాత డోసు సొంతంగా మొదలుపెట్టకుండా డాక్టర్‌ని అడగండి. తక్కువ నుంచి మళ్లీ ఎక్కమనొచ్చు.

పళ్లెం మార్చడం

నా సమస్య ఇక్కడుంది. రెండు వారాలు తిన్నదంతా రాశాను. పొద్దున రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం, కొంచెం పప్పు, పెరుగు. సాయంత్రం టీ, బిస్కెట్లు. రాత్రి ఒక గ్లాసు చోడి అంబలి, లేదా ఏమీ లేదు. చూస్తే తపస్సులా ఉంది. ప్రోటీను లెక్క కడితే రోజుకి 30, 35 గ్రాములు. మన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ నుంచి 2020లో ఇచ్చిన సూచన ప్రకారం మామూలు పెద్దవాళ్లకే కిలో బరువుకి 0.83 గ్రాములు కావాలి. అంటే నాకు 65. బరువు తగ్గుతున్నప్పుడు కండ నిలవాలంటే కిలోకి 1.2 దాకా వెళ్లమని నిపుణులు చెబుతారు. అంటే 95. నేను మూడో వంతులో బతుకుతున్నాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క డాక్టర్‌ని అడగకుండా పాటించొద్దు.

మరి అంత తక్కువ తింటే కాటా ఎందుకు కదల్లేదు? రాసిన కాగితంలో అదీ ఉంది. టీ మూడు కప్పులు, చక్కెరతో. సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్లినప్పుడు మురీ మిక్చర్, వారంలో నాలుగు రోజులు. ఆదివారం మాడుగుల హల్వా ఒక ముక్క, పిల్లలు వదిలేసిందంతా ఇంకో ముక్క. ఈ మందు పెద్ద పళ్లేన్ని తిననివ్వదు గానీ మెత్తగా, తియ్యగా, జారిపోయేదాన్ని అడ్డుకోదు. చెరకు రసానికి పొట్టలో ఎప్పుడూ చోటుంటుంది. భోజనం తగ్గించి చిరుతిండిని అలాగే ఉంచేశాను నేను. తగ్గించాల్సింది తారుమారైంది.

మార్చింది ఇది. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు ఒకటి, గుడ్డు ఒకటి. మధ్యాహ్నం చేపల పులుసులో ముక్కలు ముందు, పప్పు తర్వాత, అన్నం చివర. పది ముద్దలకే పొట్ట నిండే మనిషికి ఏ ముద్ద ముందు అన్నదే మొత్తం సంగతి. ఈ ఊళ్లో చేపకి కొదవ లేదు. వంజరం ఖరీదైతే కానాగంతలు కొనండి, ప్రోటీనులో తక్కువేం కాదు. నూరు గ్రాముల చేపలో ఇరవై గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. వేపుడు వద్దు, ఒక్క పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. సాయంత్రం టీ ఒక్కటి చక్కెర లేకుండా, ఉడకబెట్టిన శనగలు గుప్పెడు. రాత్రి రెండు గుడ్లు, కొంచెం పనీరు, ఆకుకూర. మొత్తం 85, 90 గ్రాములు వస్తుంది. కార్తీక మాసంలో మా ఇంట్లో చేప రాదు కాబట్టి అప్పుడు మీల్‌మేకర్, గట్టి పెరుగు, పెసలు. ముప్ఫై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పదిహేను గ్రాములుంటుంది. శాకాహారులు ఏడాది పొడవునా ఇదే దారి పట్టొచ్చు, కష్టమే గానీ కుదురుతుంది. పొడి డబ్బాలు తప్పనిసరి కాదు.

మొదటి వారం ఎక్కువ తింటున్నానని భయమేసింది. నిజంగానే పళ్లెం పెద్దదైంది. కాటా మూడు వారాలు కదల్లేదు. ఐదో వారం 78.4. తర్వాత పైకి రాలేదు.

నడక, గుంజీలు

పొద్దున్నే వాహనాలు ఆపేసే వేళలో ఆర్కే బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్లలో నేనూ ఒకదాన్ని. రెండేళ్లుగా, నలభై ఐదు నిమిషాలు. నడక వల్ల గుండెకి, షుగర్‌కి, మనసుకి మేలు. ఆగిన బరువుని కదిలించడానికి మాత్రం అదొక్కటీ చాలలేదు. ఒళ్లు ఆ నడకకి అలవాటు పడిపోయింది.

బరువులెత్తే వ్యాయామం సంగతి వేరు. సర్మౌంట్ 1లో కొందరికి ఒంటి స్కాన్ తీసి చూస్తే తగ్గిన బరువులో సుమారు పావు వంతు కండ, కొవ్వు కాని భాగం. స్టెప్ 1లో అలాంటి కొలతలో ఇంకా ఎక్కువ, దాదాపు నలభై శాతం. నా 13 కిలోల్లో మూడు కిలోలు అలా పోయి ఉంటే, సింహాచలం మెట్లు ఎక్కేటప్పుడు తొడలు ఎందుకు వణికాయో తెలిసింది. డెన్మార్క్‌లో 2021లో వచ్చిన ఒక పరీక్ష ఇందులో బాగా పనికొస్తుంది. ముందు ఎనిమిది వారాలు కఠిన ఆహారంతో బరువు తగ్గించి, తర్వాత ఏడాదిపాటు కొందరికి ఇదే కుటుంబానికి చెందిన లిరాగ్లుటైడ్, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారు. రెండూ చేసినవాళ్లకి కొవ్వు శాతం ఒక్కొక్కటే చేసినవాళ్లకంటే సుమారు రెట్టింపు తగ్గింది. అన్నీ ఆపేసిన ఏడాది తర్వాత కూడా, ఒట్టి మందు వాడినవాళ్లకంటే వ్యాయామం కలిపినవాళ్లే బరువుని బాగా నిలబెట్టుకున్నారు.

జిమ్ కావాలనేం లేదు. నేను చేసేవి గుంజీలు, చిన్నప్పుడు వినాయకుడి ముందు తీసినవే, చెవులు పట్టుకోనక్కర్లేదు. గోడకి చేతులానించి తోయడం. ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ చేత్తో పట్టుకుని నడుము వంచకుండా పైకెత్తడం. వారానికి మూడు రోజులు, ఇరవై ఐదు నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టొచ్చు. ఒక మాట మాత్రం దాచకూడదు: దీని ఫలితం కాటా మీద త్వరగా కనపడదు, మొదటి నెల అరకిలో పెరిగినా పెరగొచ్చు. కాటా కోసమే చేస్తే మూడో వారం మానేస్తారు. టేపు పెట్టుకోండి.

మందు మార్చడం, మానడం, ఇంకేదో కలపడం

సెమాగ్లుటైడ్ నుంచి టిర్జెపటైడ్‌కి మారడం గురించి అందరూ అడుగుతారు. రెంటినీ నేరుగా పోల్చిన సర్మౌంట్ 5 పరీక్ష 2025లో వచ్చింది. 72 వారాలకి టిర్జెపటైడ్ మీద 20.2 శాతం, సెమాగ్లుటైడ్ మీద 13.7. సగటున తేడా నిజమే. పై డోసు మీద మూడు నెలలు గడిచినా ఐదు శాతం కూడా తగ్గనివాళ్లకి మారడం గురించి డాక్టర్‌తో మాట్లాడటం న్యాయం. ఇంకా మెట్లు మిగిలి ఉన్నవాళ్లు ముందు వాటిని చూడాలి. మారితే చాలాసార్లు మళ్లీ కింది డోసు నుంచి ఎక్కాలి, ఆ వారాల్లో ఆకలి పెరగొచ్చు. టిర్జెపటైడ్‌కి మారే ఆడవాళ్లు గర్భనిరోధక మాత్ర వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పాలి, ఈ మందు మొదలుపెట్టినప్పుడూ డోసు పెరిగినప్పుడూ ఆ మాత్ర పని తగ్గొచ్చు. రెండు ఇంజెక్షన్లు కలిపి వేసుకోవడం అన్నది లేదు.

కొన్నాళ్లు ఆపితే ఒళ్లు రీసెట్ అవుతుందనే మాట వాకింగ్ గుంపుల్లో బాగా తిరుగుతోంది. స్టెప్ 1లో మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. నా దృష్టిలో ఇది దారే కాదు. ఆయుర్వేదం పేరు పెట్టి అమ్మే బరువు తగ్గించే క్యాప్సూళ్లు అంతకంటే ప్రమాదం. మన దేశంలో 2011లో నిషేధించిన సిబుట్రమిన్ ఇలాంటివాటిలో కలిసి దొరికిన సందర్భాలు ప్రపంచమంతా ఉన్నాయి. అది గుండెకి చేటు.

పై కడుపులో తీవ్రమైన నొప్పి వీపు దాకా పాకినా, వాంతులు ఆగకపోయినా ఈ పోలికలన్నీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ కోసం అనుకుంటున్నవాళ్లు చాలా ముందే డాక్టర్‌కి చెప్పాలి. ప్రైవేటులో ఖర్చు భరించలేనివాళ్లకి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ (హార్మోన్లు, షుగర్ జబ్బుల) విభాగం ఉంది, రద్దీకి సిద్ధపడి పొద్దున్నే వెళ్లాలి.

ఉన్నచోట నిలబడటం

దీన్ని ఎవరూ ఒక ఎంపికగా లెక్కపెట్టరు. సీతమ్మధారలో ఉండే నా స్నేహితురాలి భర్త 96 నుంచి 74కి వచ్చాడు. షుగర్, బీపీ రెండూ దారిలో పడ్డాయి. గురక తగ్గిందని ఆవిడ సంబరం. అయినా కూతురి పెళ్లికి ఇంకో ఐదు కిలోలు తగ్గాలని డోసు పెంచమంటున్నాడు. నా ఓటు ఆయనకి అక్కడే ఆగమని. ఇరవై మూడు శాతం తగ్గిన ఒళ్లు దాన్ని నిలబెట్టుకోవడానికే రోజూ కష్టపడుతోంది. ఆ ఐదు కిలోలతో పోయేది సూటు కొలతలో ఒక అంగుళం.

నా లెక్కకి వస్తే, పళ్లెం మార్చి, గుంజీలు మొదలుపెట్టి పది వారాలయ్యాయి. కాటా 77.4, టేపు 86. మరిది 1.7 మీద మూడో నెలలో ఉన్నాడు, 88. వదినకి ఇంకా చూడాలి.

డాక్టర్ నాకు 7.5 ఎంజీ చీటీ రాసిచ్చి, "ఆరు వారాలు చూడమ్మా, అవసరమైతే కొనుక్కోండి" అన్నారు. అది ఇంకా డ్రాయర్‌లోనే ఉంది. ఆకలి కాగితం మీద ఆరో రోజు మార్కు రెండు వారాలు వరసగా ఆరు దాటితే దాన్ని బయటకి తీస్తాను. కిందటి ఆదివారం నాలుగు వచ్చింది.